విద్యాఋణము

మనుష్యుడు మూడు ఋణములతో జన్మించునని మన పెద్దలు చెప్పిరి. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని వానికి పేర్లు. యజ్ఞముచేత దేవతలకును, సంతానముచేత పితరులకును, అధ్యయనముచేత ఋషులకును పడియున్న ఋణమును తీర్చుకొనవలెనని వారు విధించిరి. అనగా ఆ కాలమున చదువు ఒక అప్పును తీర్చు సాధనము. నేడు మన యిండ్లలో చదువే అప్పు చేయుటకు కారణమగుచున్నది. పదునెనిమిదేండ్ల పిల్లవాడు కళాశాలలో చేరుదినములలో రెండు కాగితములపై సంతకము చేయుచున్నాడు. ఒకటి ప్రవేశపత్రము, రెండవది బ్యాంకువారి ఋణపత్రము. మొదటిదానిని ఇంటిల్లిపాదియు ముమ్మారు చదువుదురు. రెండవదానిని తుదివఱకు చదువువారు అరుదు. ఆ రెండవ కాగితమును గూర్చియే నేడు మీకు నాలుగు మాటలు విన్నవింపదలచితిని.

చదువుకొఱకు కష్టపడుట మనకు క్రొత్తగాదు. పేదపిల్లలు వారములు చేసికొని, దినమునకొక యింట భుజించి, వీథిదీపముల వెలుతురున చదివి పెద్దవారైన కథలు ప్రతి యూరను కలవు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి వైధవ్యదశలో ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడపి కుమారుని చదివించిన సంగతి ఆయన స్వీయచరిత్రవలన లోకవిదితమైనది. పిఠాపురము మహారాజావారివంటి దాతలు బీదవిద్యార్థులకు ఫీజులు చెల్లించి, వసతి కల్పించిరి. ఈ సాయములన్నిటియందును ఒక సామాన్యలక్షణము కలదు. ఇచ్చినవాడు తేదీ చూచి తిరిగి అడుగలేదు. పుచ్చుకొన్నవాడు తాను పైకివచ్చిన పిదప, తనకు చేతనైననాడు, మఱియొక పేదవానికి అన్నము పెట్టి ఆ ఋణమును తీర్చుకొనెను.

అయితే ఆ కాలమును మితిమీఱి పొగడుటయు న్యాయము గాదు. వారములిచ్చిన వాకిళ్లు అందఱకును తెఱచియుండలేదు. అంటరానివారని దూరముంచబడిన పిల్లలకును, ఆడపిల్లలకును ఆ సాయము దాదాపు లేకుండెను. దాత దయ యెంత గొప్పదైనను అది హక్కు కాజాలదు. బ్యాంకు ఋణమునకు ఎన్ని దోషములున్నను ఒక సుగుణము కలదు: కులము నడుగకయే దానిని కోరవచ్చును. కావున నేను విద్యాఋణమునకు విరోధిని గాను. ఇచ్చుట మంచిదే. తిరిగి పుచ్చుకొనెడి పద్ధతిలోనే లోపమున్నదని నా మనవి.

పద్ధతిని విచారించుటకు ముందు, చదువు ఖరీదు ఇంతగా ఏల పెరిగెనో చూడవలెను. మొదటి కారణము చదువుయొక్క స్వభావమునందే కలదు. సాలెవాడు మగ్గముపై దినమంతయు నేసెడి బట్టను యంత్రము కొలది నిమిషములలో నేయును. అందుచేత బట్ట చౌకయైనది. కాని నూఱేండ్లక్రిందట ఒక ఉపాధ్యాయుడు నలువదిమందికి గంటసేపు పాఠము చెప్పెను. నేడును నలువదిమందికి గంటసేపే చెప్పుచున్నాడు. ఇతర వృత్తులలో జీతములు పెరిగినకొలది ఇతని జీతమును పెంచక తప్పదు. లేనిచో ఆ వృత్తిలోనికి సమర్థులెవరును రారు. 1966లో బౌమోల్, బోవెన్ అను ఇద్దరు అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞులు నాటకసభల, సంగీతసభల వ్యయమును పరిశోధించి ఈ సూత్రమును వివరించిరి. అది విద్యకును, వైద్యమునకును గూడ చక్కగా వర్తించును.

రెండవ కారణము ఖర్చు ఒకరి భుజమునుండి మఱియొకరి భుజమునకు మాఱుట. భారతీయ సాంకేతిక విద్యాసంస్థలు, అనగా ఐ.ఐ.టి.లు, కేంద్రప్రభుత్వ ధనముతో నడచునవి. మన తెలుగునాట హైదరాబాదు శాఖ 2008లోను, తిరుపతి శాఖ 2015లోను ఏర్పడినవి. ఈ సంస్థలలో ఇంజనీరింగు పట్టవిద్యార్థి చెల్లించు బోధన ఫీజు 2013కు పూర్వము ఏటికి 50,000 రూపాయలు. 2013లో అది 90,000 ఆయెను. 2016లో 2 లక్షలాయెను. నాలుగేండ్లలోపలనే నాలుగింతలన్నమాట. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకును, వికలాంగులకును, ఏటికి లక్ష రూపాయలలోపు ఆదాయముగల కుటుంబములవారికిని ఫీజు పూర్తిగా మినహాయింపబడినది. 5 లక్షలలోపువారికి మూడింట రెండువంతులు మినహాయింపబడినది. ఇది మెచ్చదగినదే. కాని 5 లక్షలపైన ఒక్క రూపాయి వచ్చు గుమాస్తా కుమారుడును, కోటీశ్వరుని కుమారుడును ఒకే ఫీజు చెల్లింపవలసినవారైరి. ఆ గుమాస్తాయే బ్యాంకు గుమ్మము తొక్కుచున్నాడు.

మూడవ కారణము ప్రైవేటు కళాశాలల విస్తరణము. ఫీజుగాక విరాళము పేర సొమ్ము గుంజుటను మాన్పుటకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1983లోనే చట్టము చేసెను. 1992లో మోహినీ జైన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు అట్టి వసూలు అక్రమమని చెప్పెను. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున, ఇది మన రాష్ట్రముపై వచ్చినదే, సగము ఉచిత స్థానములును సగము చెల్లింపు స్థానములును ఉండవలెనని ఆ న్యాయస్థానమే ఒక ఏర్పాటు చేసెను. 2002లో పదునొకండుగురు న్యాయాధిపతులు గల ధర్మాసనము ఆ ఏర్పాటును రద్దుచేసి, తగుపాటి మిగులుతో తమ ఫీజును నిర్ణయించుకొను స్వేచ్ఛ ప్రైవేటు సంస్థలకు కలదనియు, లాభాపేక్ష మాత్రము కూడదనియు తీర్పు చెప్పెను. తగుపాటి మిగులునకును లాభాపేక్షకును నడుమ గీత ఎక్కడ గీయవలెనన్న తగవు నాటినుండి నేటివఱకు నడచుచునే యున్నది. 2003 తీర్పు ననుసరించి, విశ్రాంత న్యాయమూర్తుల అధ్యక్షతను ఫీజుల నిర్ణయ సంఘములు ఏర్పడినవి. 2017 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రైవేటు వైద్యకళాశాలల బోధన ఫీజును ఏటికి 24 లక్షలు చేయగా, అది పూర్వపు ఫీజునకు ఏడింతలని హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. 2022 నవంబరులో సుప్రీముకోర్టు ఆ తీర్పునే స్థిరపఱచి, విద్య లాభమార్జించు వ్యాపారము గాదని చెప్పెను. ధర్మము గెలిచినది. కాని గెలుచుటకు ఐదేండ్లు పట్టినది. ఫీజు చెల్లింపవలసిన తేదీ ఐదేండ్లు ఆగదు గదా!

ఇట్టి స్థితిలో 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించిన ఫీజు వాపసు పథకము అనేక కుటుంబములకు అండయైనది. కూలివాని బిడ్డలు ఇంజనీర్లగుటకు అది మార్గము చూపినది. రాష్ట్రవిభజనానంతరము రెండు రాష్ట్రములును దానిని ఏదో యొక రూపమున నడపుచునే యున్నవి. కాని ప్రభుత్వము చెల్లించు మొత్తమునకును కళాశాల ఫీజునకును నడుమ తఱచు అంతరముండును. వసతిగృహపు ఖర్చు, పుస్తకములు, పరీక్షరుసుములు వేఱు. యాజమాన్యపు స్థానములలో చేరినవారికి ఆ సాయము లేదు. ప్రభుత్వపు సొమ్ము ఆలస్యమైనప్పుడు, కళాశాలవారు విద్యార్థి యోగ్యతాపత్రమును చేత పట్టుకొని కూర్చుండుటయు కలదు. ఈ కొఱతను పూరించుటకే అప్పు పుట్టుచున్నది.

ఇక ఋణపత్రమును తెఱచి చూతము. భారతీయ బ్యాంకుల సంఘము 2001లో ఒక నమూనా విద్యాఋణ పథకమును సిద్ధపఱచెను. బ్యాంకులు సాధారణముగా దానినే స్వల్పభేదములతో అనుసరించుచున్నవి. 4 లక్షలవఱకు ఆస్తి తాకట్టుగాని, పరుల పూచీగాని అడుగరాదు; తలిదండ్రులు మాత్రము బిడ్డతోపాటు ఋణకర్తలుగా సంతకము చేయుదురు. 7.5 లక్షలవఱకు గల ఋణములకు 2015లో కేంద్రప్రభుత్వము ఒక హామీనిధి నేర్పఱచెను. ఆపైన సాధారణముగా ఇల్లుగాని పొలముగాని తాకట్టు పెట్టవలెను. 2024 నవంబరులో ఆమోదింపబడిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము ననుసరించి, దేశమున మేలైనవిగా ఎన్నబడిన సంస్థలలో ప్రవేశము పొందినవారికి తాకట్టును పూచీయు లేకయే అప్పు దొరకును. మీ బిడ్డ చేరు కళాశాల ఆ పట్టికలో నున్నదో లేదో ముందుగా విచారించుకొనుడు.

హామీనిధి యన్న మాటను విని పొరపడరాదు. ఆ హామీ బ్యాంకునకే గాని విద్యార్థికి గాదు. అప్పు మొండిపడినచో బ్యాంకు నష్టములో ముప్పాతికవంతు ఆ నిధి భరించును. విద్యార్థి మాత్రము విముక్తుడు గాడు. అతని పేరు ఋణచరిత్రలో నల్లగీత పడి, రేపు ఇల్లు కట్టుకొనుటకో, అంగడి పెట్టుకొనుటకో అప్పు కావలసినప్పుడు అడ్డునిలుచును.

ఈ ఋణపత్రమున మిక్కిలి జాగరూకతతో చదువవలసిన పంక్తి విరామకాలమును గూర్చినది. చదువు సాగినన్నాళ్లును, చదువు ముగిసిన పిదప ఒక సంవత్సరమును వాయిదాలు కట్టనక్కఱలేదు. ఈ మాట వినగానే ఇంటివారు ఊఱడిల్లుదురు. కాని ఆ కాలమున వాయిదా నిద్రించును గాని వడ్డీ నిద్రింపదు. అది బారువడ్డీగా లెక్కింపబడుచు, విరామము ముగియగానే అసలులో కలిసిపోవును. అప్పటినుండి వడ్డీపైని వడ్డీ మొదలగును.

ఒక లెక్క వేసి చూతము. నాలుగేండ్ల చదువునకు, ప్రతి సంవత్సరారంభమున 2 లక్షల చొప్పున 8 లక్షలు అప్పు తీసికొన్నారనుకొందము. వడ్డీ సాలుకు నూటికి 10 రూపాయలు. ఐదేండ్ల విరామము ముగియునప్పటికి మొదటి 2 లక్షలపై లక్ష, రెండవదానిపై 80,000, మూడవదానిపై 60,000, నాల్గవదానిపై 40,000, వెరసి 2,80,000 రూపాయల వడ్డీ పేరుకొనును. అనగా మొదటి వాయిదానాటికి మీరు ఋణపడియుండునది 8 లక్షలు గాదు, 10,80,000. దీనిని పదేండ్లలో తీర్పవలెనన్నచో నెలకు సుమారు 14,270 రూపాయలు కట్టవలెను. మొత్తము చెల్లించునది 17 లక్షలు దాటును. పదునైదేండ్లు గడువు కోరినచో నెలవాయిదా సుమారు 11,600కు తగ్గును. కాని చెల్లించు మొత్తము దాదాపు 20,90,000 అగును. చేతి కందినది 8 లక్షలే యని మఱువకుడు.

విరామకాలమున వడ్డీని మాత్రము నెలనెలా చెల్లించినచో ఏమగును? మొదటి యేట నెలకు 1,670, రెండవ యేట 3,330, మూడవ యేట 5,000, ఆపైని రెండేండ్లు 6,670 రూపాయలు సుమారుగా కట్టవలసివచ్చును. అప్పుడు అసలు 8 లక్షలుగానే నిలిచియుండును. తరువాతి నెలవాయిదా పదేండ్ల గడువునకు సుమారు 10,570 మాత్రమే. రెండును కలిపి చెల్లించునది 15,50,000 లోపే. 1,60,000 రూపాయలకుపైగా మిగులును. ఇట్లు వడ్డీ తప్పక చెల్లించువారికి ఆ కాలమున నూటికి ఒక రూపాయి వడ్డీ తగ్గించు వీలును నమూనా పథకమున కలదు. కుటుంబపు సాలుసరి ఆదాయము 4.5 లక్షలలోపైనచో, సాంకేతిక, వృత్తివిద్యలకు విరామకాలపు వడ్డీని కేంద్రప్రభుత్వమే భరించు పథకము 2009లో ఆరంభమైనది. విద్యాలక్ష్మి పథకమున 8 లక్షల ఆదాయమువఱకు గలవారిలో ఏటికి లక్షమందికి, 10 లక్షలవఱకు గల అప్పుపై ఆ కాలమున నూటికి 3 రూపాయల వడ్డీ రాయితీ కలదు. ఇవి తమంత తాము ఇంటికి రావు. ఆదాయపత్రము గైకొని అడుగవలెను.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. పట్టభద్రుడై బయటికి వచ్చిన యువకునికి మొదటి ఉద్యోగమున నెలకు 25,000 రూపాయలు దొరికినవనుకొందము. అందు 14,270 వాయిదాకు పోయినచో, నగరమున ఇంటద్దెకును, తిండికిని, దారిఖర్చులకును మిగులునది 10,730. అతడు తలిదండ్రులకు పంపునదేమి? ఉద్యోగమే దొరకనివాని మాట యేమి? మూడవయేట తండ్రి మరణించుటచేతనో, జబ్బుచేతనో చదువు మానినవాని గతి అందఱికంటెను దయనీయము. అతని చేతిలో పట్టము లేదు, నెత్తిపై అప్పు మాత్రమున్నది.

ఇల్లు కట్టుటకు చేసిన అప్పునకు ఇల్లు కలదు. ఎద్దులు కొన్న అప్పునకు ఎద్దులు కలవు; కాలము కలిసిరానప్పుడు అమ్మి అప్పు తీర్పవచ్చును. చదువును అమ్ముట సాధ్యము గాదు. జప్తు చేయుటయు సాధ్యము గాదు. చదువుపై ఇచ్చిన అప్పునకు నిజమైన తాకట్టు విద్యార్థి రాబోవు సంపాదనయే. ఆ సంపాదన ఎప్పుడు వచ్చునో, ఎంత వచ్చునో ఎవరికిని తెలియదు. తెలియనిదానిపై అప్పిచ్చి, తెలిసిన తేదీకి, మాఱని మొత్తమును కట్టుమనుట ఈ పద్ధతిలోని మూలదోషము. ఆ లోటును కప్పిపుచ్చుటకే తండ్రి యింటిపత్రములు బ్యాంకు ఇనుపపెట్టెలోనికి పోవుచున్నవి. సంపాదన ననుసరించి వాయిదా నడువవలెను గాని, వాయిదా వెనుక సంపాదన పరుగెత్తరాదు.

ఇది కేవలము కోరిక గాదు. ఆచరించి చూచిన దేశము కలదు. ఆస్ట్రేలియాలో 1974 మొదలు 1988 వఱకు విశ్వవిద్యాలయమున బోధన ఫీజు లేదు. విద్యార్థుల సంఖ్య పెరిగి, ఖర్చు భరింపరానిదై, 1989లో ఆ ప్రభుత్వము మరల రుసుము విధించెను. ఆ యేర్పాటునకు రూపకల్పన చేసినవారిలో ముఖ్యుడు బ్రూస్ చాప్మన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు. విద్యార్థి చేరునాడు ఏమియు చెల్లింపనక్కఱలేదు. అతని పేర అప్పు వ్రాయబడును. అతని సంపాదన ఒక నిర్ణీతమైన మట్టమును దాటిననాటినుండి, పన్నుతోపాటు కొంతభాగము వసూలగును. ఉద్యోగము పోయినచో వసూలు తనంత నిలిచిపోవును. జామీను లేదు, తాకట్టు లేదు. మామూలు వడ్డీయు లేదు. ధరల పెరుగుదల ననుసరించి అప్పు పెరుగును, అంతే.

అదియు దోషరహితము గాదు. 2023లో ధరలు మండిపోవుటచేత ఆ అప్పులు ఒక్క యేట నూటికి 7.1 వంతున పెరిగినవి. ఎంత కట్టినను బాకీ తగ్గదాయెనని యువజనులు మొఱపెట్టుకొనిరి. ఆమీద ప్రభుత్వము, ధరల పెరుగుదల, జీతముల పెరుగుదల అను రెంటిలో ఏది తక్కువయో దానినే లెక్కింపవలెనని 2024లో సవరణ చేసెను. 2025లో మిగిలియున్న అప్పులో ఐదవవంతు తగ్గించి, సాలుకు 67,000 డాలర్ల సంపాదనవఱకు వసూలే లేకుండ చేసెను. ఎంత మంచి ఏర్పాటైనను కాలానుసారముగ సరిదిద్దుచుండవలెనని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున ఇది సాధ్యమా యని మీరు అడుగవచ్చును. అడుగవలసినదే. మనలో జీతగాండ్రకంటె స్వంతపనులు చేయువారు ఎక్కువ. వారి సంపాదన పన్నుల లెక్కలకు అందదు. దేశాంతరము పోవువారు మఱికొందఱు. సంపాదన తక్కువయైన కాలమున వసూలు తగ్గినచో, ఆ లోటును ప్రభుత్వము భరింపవలెను. అనగా మనమందఱము భరింపవలెను. ఈ కష్టములు నిజమైనవే. కాని జీతగాండ్ర విషయమున యజమానియే నెలనెలా పన్ను మినహాయించి కట్టు పద్ధతి మనకు ఇదివఱకే కలదు. ఆ దారిననే వాయిదాయు పోవచ్చును. విదేశముననున్న తన పట్టభద్రులు సంపాదన తెలిపి అప్పు కట్టవలెనని ఆస్ట్రేలియా 2017 నుండి నియమించెను. ఇక లోటు మాట. మన్యమున పనిచేయు వైద్యునివలనను, పల్లెబడిలో చెప్పు ఉపాధ్యాయునివలనను లాభము పొందువారు వారు మాత్రమే గాదు గదా. అందులో కొంత మనము భరించుట అన్యాయమెట్లగును?

ఉదాహరణమునకు, నెలకు 20,000 వఱకు వాయిదా లేదనియు, ఆపైని సంపాదనలో ఐదవవంతు కట్టవలెననియు ఒక నియమమున్నదనుకొందము. 25,000 వచ్చువాడు 1,000 కట్టును. 40,000 వచ్చువాడు 4,000. 80,000 వచ్చునాటికి 12,000. పని పోయిననాడు ఏమియు లేదు. ఈ అంకెలు నేను లెక్కకై చెప్పినవి, నిపుణులు మార్పవచ్చును. కాని పద్ధతియొక్క ధర్మము ఇట్లుండవలెను. అప్పు ఎగవేయువారిని ఇది కాపాడదు. ఇచ్చుటకు లేనివానిని మాత్రము కాపాడును.

ఆ దినము వచ్చువఱకు ఉన్న పద్ధతిలోనే మన జాగ్రత్త మనము పడవలెను. అప్పునకు సంతకము చేయుటకు ముందు మొదటి సంవత్సరపు ఫీజుగాక, చదువు ముగియువఱకు అగు మొత్తము ఖర్చును, వసతితో గూడ, కాగితముపై వ్రాసి చూచుకొనుడు. విరామము ముగియునాటికి బాకీ ఎంతయగునో, నెలవాయిదా ఎంతయగునో బ్యాంకువారిచేత వ్రాయించి పుచ్చుకొనుడు. కళాశాలవారు ప్రకటనలలో చూపు పెద్ద జీతము ప్రథముడై నెగ్గినవానిది. తరగతిలో నడుమ నిలిచినవానికి ఎంత వచ్చుచున్నదో, గతసంవత్సరము చదువు ముగించిన నలుగురిని అడిగి తెలిసికొనుడు. నెలవాయిదా ఆ జీతములో మూడవవంతును మించినచో, ఆ కళాశాలను గూర్చియో, ఆ అప్పును గూర్చియో మరల ఆలోచింపవలెను. ఫీజు తక్కువైన ప్రభుత్వ కళాశాలలో స్థానము దొరికినచో, భవనముల అందము చూచి దానిని విడనాడకుడు.

విదేశవిద్యకై అప్పు చేయువారికి మఱియొక హెచ్చరిక. 2014లో డాలరునకు సుమారు 60 రూపాయలు. 2024 చివఱకు సుమారు 85. అక్కడి కళాశాల ఒక్క సెంటు పెంచకున్నను 20,000 డాలర్ల ఫీజు 12 లక్షలనుండి 17 లక్షలకు పోయినది. అక్కడ ఉద్యోగము దొరికి డాలర్లలో సంపాదించినవానికి ఈ మార్పు మేలే. దొరకక తిరిగివచ్చినవానికి మాత్రము, డాలర్లలెక్కన ఖర్చుచేసిన అప్పును రూపాయల జీతముతో తీర్పవలసివచ్చును. అక్కడి ఉద్యోగానుమతుల నియమములు మన చేతిలోనివి గావు. అవి ఒక రాత్రిలో మాఱవచ్చును. కావున ఇల్లు తాకట్టుపెట్టుటకు ముందు, తిరిగిరావలసివచ్చినచో ఈ అప్పు ఎట్లు తీఱునన్న ప్రశ్నకు సమాధానము ఇంటిలో అందఱును కూర్చుండి చెప్పుకొనవలెను.

కడపటి మాట అప్పులోనున్న యువకులతోను, యువతులతోను. పని దొరకనప్పుడు బ్యాంకువారి ఉత్తరములకు వెఱచి దాగుకొనకుడు. ఉద్యోగములేని కాలమున వాయిదాలు కొంతకాలము నిలుపుటకును, మొదట చిన్న మొత్తముగను పిదప పెద్ద మొత్తముగను వాయిదాలు నిర్ణయించుటకును నమూనా పథకమున వీలు కలదు. అప్పు గడువు తప్పిన పిదప పోయి వేడుకొనుటకంటె, తప్పకముందే పోయి వ్రాతపూర్వకముగ అడుగుట మేలు. అప్పు తీర్పలేకపోవుట నేరము గాదు. అవమానముగ భావించి, ప్రాణముమీదికి తెచ్చుకొనవలసినదియు గాదు. బ్యాంకు పుస్తకములోని అంకె ఎంత పెద్దదైనను, దానిని వాయిదా వేయవచ్చును, తగ్గింపు కోరవచ్చును, రాజీ చేసికొనవచ్చును. బిడ్డ పోయినచో ఆ తలిదండ్రులకు తిరిగి ఇచ్చువారెవరు? కావున మీ కష్టమును ఇంటిలో దాచకుడు. తలిదండ్రులారా, మీరును ఆ మాట వచ్చినప్పుడు కోపింపక వినుడు.

ఇచటనుండి లేచిన పిమ్మట మీలో ఋణపత్రము ఇంట నున్నవారు దానిని పెట్టెలోనుండి తీసి, విరామకాలము, వడ్డీ, వాయిదా అను మూడు పంక్తులు నేటి రాత్రియే చదువుడు. అర్థముగానిచో రేపు బ్యాంకునకు పోయి అడుగుడు. అది మీ హక్కు.

సెలవు.